ఇంటి ముందు అరుగు

నవంబర్ 16, ఆదివారం

ఈ డైరీ ఒక అరుగు గురించి. క్రిస్మస్ లోపల మా ఇంటి ముందు, గేటు బయట, దారినపోయే మనిషి కూర్చోవడానికి ఒక రాతి అరుగు కట్టించాలి. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు. పని చిన్నదే. కానీ ఎన్నాళ్ల నుంచో మనసులో ఉన్న పని.

మాది కడపలో పాత వీధి. మా జేజి, అంటే నాయనమ్మ, కాలంలో ఈ ఇంటికి రెండు పక్కలా అరుగులుండేవి. పల్లెల నుంచి కోర్టు పనికో, ఆసుపత్రికో వచ్చినవాళ్లు ఎండకు అక్కడ చేరేవాళ్లు. జేజి ఒక కుండలో నీళ్లు పెట్టేది, వేసవిలో అయితే రాగి అంబలి. ఏ ఊరు, ఎవరి తాలూకు అని అడిగేది కాదు. "తాగినావా నాయనా, ఇంగో లోటా పోసుకో" అనేది, అంతే. తర్వాత వీధిలో కాలువ కట్టినప్పుడు అరుగులు పోయాయి. నాయన ఆ చోట గోడ లేపి ఇనప గేటు పెట్టించాడు. నాయన పోయాక అమ్మకు తోడుగా మేం ఇక్కడికే వచ్చేశాం.

పోయిన మంగళవారం బడి నుంచి వచ్చి మిద్దె మీద ఆరేసిన బట్టలు తీస్తుంటే కింద ఒక పెద్దాయన కనబడ్డాడు. చేతిలో ఎక్స్‌రే కవరు. మా గేటుకు ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. అంతలో మా ఆయన బండి తీయడానికి గేటు తెరిచాడు. పెద్దాయన గబగబా లేచి, "తప్పయింది నాయనా, కాళ్లు లాగినాయి" అని చెప్పి వెళ్లిపోయాడు. మా ఆయన ఒక్క మాట కూడా అనలేదు, ఆయన మెత్తని మనిషి. అయినా మా వాకిట్లో కూర్చున్నందుకు ఒక ముసలాయన తప్పు చెప్పుకున్నాడు. ఐదు రోజులుగా ఆ మాట నన్ను వదలడం లేదు.

ఇంట్లో చెప్పాను. అమ్మ వెంటనే సరేనంది. దానికి తోడు ఒక పని కూడా అప్పజెప్పింది. కానా ఊరి పెళ్లిలో యేసయ్య నీళ్లను ద్రాక్షారసం చేసిన సంగతి ఎత్తి, "ఆ రాతి బానలు ఆరింటికీ నీళ్లు మోసింది పనోళ్లు. ఆ రసం యాడినుంచి వచ్చిందో పెండ్లి పెద్దకు తెలీల్యా, మోసినోళ్లకు తెలిసింది. ఈ నెలంతా మనింటికి నీళ్లు మోసినోళ్లను రోజుకొకరిని రాసిపెట్టు" అంది. అందుకే వీలైన రోజు కింద ఒక వాక్యం రాస్తాను. అమ్మ దానికి 'అద్భుతం' అనే పేరు పెట్టింది. ఆ పేరే ఉంచుతున్నా.

నవంబర్ 19, బుధవారం

తాపీ పని చేసే బేల్దారి అన్న వచ్చి కొలతలు తీశాడు. చిక్కు ఇక్కడే వచ్చింది. కాలువ అంచు దాటి కడితే అది మున్సిపాలిటీ జాగా, రేపు ఎవరైనా వచ్చి కొట్టేస్తారు. మా హద్దు లోపలే కట్టాలంటే గోడ, గేటు రెండున్నర అడుగులు లోపలికి జరగాలి. అంటే మా ఆయన బండి పెట్టుకునే చోటు పోతుంది.

"మరి బండి యాడ పెట్టాల?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. రాత్రి అన్నం దగ్గర ఎవరం దాని ఊసెత్తలేదు.

నవంబర్ 20, గురువారం

పొద్దున ఆరింటికి లేచి చూస్తే మా ఆయన పూలకుండీలు ఒక్కొక్కటే మిద్దె మీదికి మోస్తున్నాడు. మొత్తం 11 కుండీలు. "ఇవి పైకి పోతే బండి అడ్డంగా పడుతుంది" అన్నాడు. నేను మళ్లీ అడగలేదు, ఆయన కూడా ఇంకేం చెప్పలేదు.

అద్భుతం: పదకొండు కుండీలు, ఇరవై రెండు మెట్లు, నడుం నొప్పి ఉన్న మనిషి.

నవంబర్ 23, ఆదివారం

గోడ పగలగొట్టారు. పునాది కోసం అడుగున్నర తవ్వేసరికి గడ్డపార ఠంగుమంది. మట్టి తీసి చూస్తే వరసగా నాలుగు నాపరాళ్లు, మధ్యలో తెల్లటి గార. జేజి అరుగు పాదం అది. కాలువ వాళ్లు పైది తీసేశారు, అడుగుది అలాగే ఉండిపోయింది.

నేను ఫొటో తీసుకుంటుంటే బేల్దారి అన్న రాళ్ల మీద కూర్చుని తాపీ కొనతో గార గీకి చూశాడు. "ఇది సున్నం, బెల్లం నీళ్లు పోసి కొట్టిన గారమ్మా. ఇప్పటి సిమెంటు దీని ముందర యాడ! దీన్ని పీకొద్దు, దీని మీదనే లేపుదాం" అన్నాడు. అయితే ఆ పాత వరస ఇప్పటి గేటుకు సమానంగా లేదు, ఒక కొన రెండంగుళాలు పక్కకు పోయింది. అంటే అరుగు గేటుకు కాస్త వంకరగా వస్తుంది. రానీ అన్నాను.

అద్భుతం: కూలి పని తగ్గుతుందని తెలిసి కూడా పాతది ఉంచమన్న బేల్దారి.

నవంబర్ 26, బుధవారం

ఇటుక పని అయింది. 120 ఇటుకలు, రెండు మూటల సిమెంటు, సిమెంటు ఒకటికి ఇసుక ఆరు పాళ్లు కలిపిన మాలు. ముందు వైపు తొమ్మిదంగుళాల గోడ, రెండు పక్కలా చిన్న గోడలు, మధ్యలో పగలగొట్టిన గోడ పెళ్లలూ మట్టీ వేసి దిమ్మిస కొట్టారు. బండ కూర్చున్నాక ఎత్తు సరిగ్గా 18 అంగుళాలు రావాలని పట్టుబట్టాను. జేజి అరుగులు ఎత్తుగా ఉండేవి, ముసలివాళ్లు ఎక్కలేక కింద మెట్టు మీదే కూర్చునేవాళ్లు. మోకాళ్ల నొప్పులున్న అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి నేల నుంచి మోకాలి దాకా కొలిచాం. ఆ కొలతే తీసుకున్నాం.

నవంబర్ 29, శనివారం

ఈ రోజు బండ విరిగింది.

కడపలో ఉండి అరుగుకు వేరే రాయి వాడతామా. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు గనుల నుంచి వచ్చే నల్లని సున్నపురాయి ఇది. దేశమంతా దీన్ని కడప రాయి అనే పిలుస్తారు. పుస్తకంలో కాగితాల్లాగా పొర మీద పొరగా ఉంటుంది, అందుకే పలకలుగా చీలుతుంది. ఆ గుణమే దానికి బలహీనత కూడా. అలమరాలకు అంగుళం మందం చాలు. మనుషులు కూర్చోవడానికి రెండంగుళాలు కావాలి. ఆరడుగులకు రెండడుగులు, రెండంగుళాల మందం అంటే ఒక్క బండే దాదాపు 150 కిలోలు.

నేను రాళ్ల డిపోకు ఒక్కదాన్నే వెళ్లి, నున్నగా ఉందని చూసి ఎంచుకొచ్చాను. ఆటో నుంచి దించుతుంటే ఒక కొన ముందు నేలకు తగిలింది. పెద్ద చప్పుడు కూడా రాలేదు. మధ్యలో వెంట్రుకంత గీత కనబడింది, అంతలో రెండు ముక్కలు. నాకు ఏడుపు వచ్చింది. డబ్బు పోయిందనే కాదు, రేపు క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలం మొదటి ఆదివారం, ఆ రోజుకు బండ కూర్చోవాలని నేను లెక్క వేసుకున్నాను.

బేల్దారి అన్న తిట్టలేదు. రూపాయి బిళ్ల తీసి విరిగిన ముక్క మీద కొట్టి చూపించాడు. "ఇనమ్మా, బొద్దుగా లేదూ శబ్దం? లోపల పొర ఊడిండాది. మంచి బండ కంచు మాదిరి మోగాల." ఆ బిళ్లతో తర్వాత వీధిలో ఉన్న ప్రతి గడప బండనూ కొట్టి చూశాను, పిల్లలు నా వెంట పడి నవ్వుతూ వచ్చారు. తేడా నిజంగానే తెలుస్తుంది. మీరెవరైనా కడప బండ కొనబోతే కొనకముందే కొట్టి చూడండి. నడుమ, నాలుగు మూలలా, మొత్తం ఐదు చోట్ల.

అద్భుతం: ఆటో అన్న బాడుగ తీసుకోలేదు. "నాది కూడా తప్పుంది మేడం" అన్నాడు. నేను ఇవ్వబోతే బండి తీసేశాడు.

నవంబర్ 30, ఆదివారం

మా గుడిలో, అంటే చర్చిలో, ఆగమన కాలపు మొదటి కొవ్వొత్తి వెలిగించారు. ఆరాధన అయ్యాక పాస్టరు అయ్యగారి దగ్గరకు వెళ్లి అరుగు సంగతి, బండ సంగతి చెప్పాను. ఆయన నన్ను కూర్చోబెట్టి ఒక మాట చూపించారు. అది రాసి పెట్టుకోకపోతే మరిచిపోతాను.

లూకా సువార్త 2వ అధ్యాయం 7వ వచనంలో, మరియమ్మకూ యోసేపుకూ సత్రంలో స్థలం లేదని మన తెలుగు బైబిలు చెబుతుంది. సత్రం అనగానే మన కళ్ల ముందు బాటసారులు దిగే పెద్ద ఇల్లు, తలుపు దగ్గర చోటు లేదనే మనిషి కనబడతాడు. ప్రతి ఏటా మా పిల్లల నాటకంలో ఆ సత్రం యజమాని వేషానికే పోటీ. కానీ లూకా వాడిన గ్రీకు మాట కటలుమా. అదే సువార్త 22వ అధ్యాయంలో, కడరాత్రి పస్కా భోజనానికి యేసు అడిగిన గదికి కూడా అదే మాట. అక్కడ మనవాళ్లు విడిది గది అని రాశారు. మంచి సమరయుడు దెబ్బలు తిన్న మనిషిని చేర్చి డబ్బు కట్టిన చోటు ఉంది కదా, దానికి లూకా వేరే మాట వాడాడు. తెలుగులో అది పూటకూళ్లవాని ఇల్లు. అందుకని కొందరు పండితులు బేత్లెహేము కథను ఇలా చదువుతారు: వాళ్లు దిగింది ఎవరో అయినవాళ్ల ఇంట్లో, చుట్టాల గది అప్పటికే నిండిపోయింది, ఆ ఇంటివాళ్లు పశువులు కట్టే చోటు ఊడ్చి వాళ్లకిచ్చారు.

మా అమ్మమ్మ ఊళ్లో మట్టిమిద్దె గుర్తొచ్చింది. వాకిలి దాటగానే ఎద్దులు, వాటి ముందు మేత వేసే గాడి, దాని పక్క నుంచే లోపలికి దారి. చలికాలం మేం పిల్లలం గాడి దగ్గరే పడుకునేవాళ్లం, ఎద్దుల ఊపిరికి వెచ్చగా ఉంటుందని. ఇన్నేళ్లూ క్రిస్మస్ అంటే తలుపు వేసేసినవాళ్ల కథ అనుకున్నాను. ఇరుకు ఇంట్లోనే ఎద్దుల్ని పక్కకు తోలి, గాడిలో మెత్తటి గడ్డి పరిచిన ఒక ఇల్లాలు నాకు మొదటిసారి కనబడింది. ఆమె పేరు ఎవరూ రాయలేదు.

ఇంటికొచ్చి విరిగిన బండ చూశాను. ఒక ముక్క రెండున్నర అడుగులుంది. గేటు పక్కన పిల్లలు కూర్చునేంత ఎత్తులో చిన్న పీట అవుతుంది. రెండో ముక్క అరుగు ముందు మెట్టు.

డిసెంబర్ 4, గురువారం

కొత్త బండ వచ్చింది. ఈసారి బేల్దారి అన్ననూ, రూపాయి బిళ్లనూ వెంట తీసుకెళ్లాను. తొమ్మిది బండలు కొట్టి చూసి పదోది తీసుకున్నాం.

దించడానికి నలుగురు చాలరని తేలింది. బేల్దారి అన్న, ఆయన వెంట వచ్చిన కుర్రాడు, మా ఆయన, ఎదురింట్లో మేం ఖాలా అని పిలిచే ముస్లిం ఆమె కొడుకు. ఐదో మనిషి కోసం వీధి మొదట్లో అరటిపండ్ల బండి అన్నను పిలిస్తే, బండి అలాగే వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. బండ కింద రెండు తాళ్లు దూర్చారు. ఎవరూ మాట్లాడలేదు. బేల్దారి అన్న "హా" అన్నప్పుడు లేపారు, మళ్లీ "హా" అన్నప్పుడు నిలబడ్డారు, ఇటుక గోడ మీద మాలు పరిచిన చోట మెల్లగా వదిలారు. తాళ్లు లాగేశాక ఆయన రసమట్టం పెట్టి, గాజు గొట్టంలో బుడగ నడుమకు వచ్చేదాకా కొయ్య సుత్తితో మూలల మీద తట్టుతూ పోయాడు. బుడగ నడుమన నిలిచింది. అప్పుడు ముందు అంచు మీద ఇంకో రెండు దెబ్బలు వేసి, కావాలనే బుడగను వెంట్రుకవాసి జరిపాడు. ఎందుకన్నా అంటే, "వాన నీళ్లు నిలబడకూడదమ్మా. తడిసిన బండ మీద ఎవరూ కూసోరు" అన్నాడు.

అంచులు గుండ్రంగా నూరమని చెప్పాను. పదునుగా ఉంటే తొడల కింద కోసుకుంటుంది, చీరకు పట్టుకుంటుంది.

పని చూడ్డానికి వచ్చిన ఖాలా, బండ మీద చెయ్యి వేసి "చల్లగుంది" అంది. తర్వాత తన పాత సంగతి ఎత్తింది. ఉగాది రోజు పొద్దున్నే స్నానాలు చేసి, వాళ్ల ఇంటిల్లిపాదీ దేవుని కడప వెంకన్న గుడికి పోయి మొక్కుతారు. స్వామిని పెళ్లాడిన బీబీ నాంచారి వాళ్లింటి ఆడపిల్ల, అంటే స్వామి వాళ్లింటి అల్లుడు. కడపలో ముస్లిములకు ఇది తరాల నుంచీ ఉన్న ఆనవాయితీ. "అల్లుడి ఇంటికి మేం పోతాం, పండక్కి మీ ఇంటికి వస్తాం. ఇప్పుడు మీ అరుగు కూడా అయింది" అంది. ఊరి పేరే గడప అంటారు, తిరుమల కొండకు పోయేవాళ్లకు ఇది గడప అని. గడప పక్కన అరుగు లేకపోతే ఎలా?

అద్భుతం: బండి కాపలా లేకుండా వదిలి వచ్చిన మనిషికి ఒక్క అరటిపండు కూడా తగ్గలేదు.

డిసెంబర్ 5 నుంచి 11

రోజూ మూడుసార్లు గోడలకు నీళ్లు పెట్టడం, గోనెసంచులు తడిపి కప్పడం. ఏడు రోజులు ఎవరినీ కూర్చోనివ్వొద్దన్నాడు బేల్దారి అన్న. నేను బడికి పోతే మధ్యాహ్నం నీళ్లు అమ్మ పెట్టింది. యవ్వనస్తులు క్యారల్స్‌కు వచ్చినప్పుడు గోనెసంచులు చూసి "ఇదేందత్తా, సమాధి మాదిరి ఉంది" అన్నారు. అమ్మ వాళ్లకు నిప్పట్లు, టీ ఇచ్చి అంతా చెప్పింది. గిటారు వాయించే అబ్బాయి, వాళ్లింట్లో అటక మీద ఉన్న పాత మట్టి కాగును మరుసటి రోజు తెచ్చిచ్చాడు. దానికి మూత, గొలుసు కట్టిన స్టీలు గ్లాసు, కింద ఇసుక దిబ్బ. జేజి కుండ లాగే.

డిసెంబర్ 12, శుక్రవారం

అరుగు సిద్ధం. తుడిచి, కాగు నింపి, పైన కాగితం నక్షత్రం కట్టి, లోపల ఒక బల్బు వేశాను. సాయంత్రం మిద్దె మీద నుంచి గంటసేపు చూశాను. ఎవరూ కూర్చోలేదు.

డిసెంబర్ 14, ఆదివారం

ఇవాళ కూడా లేరు. నీళ్లు తాగుతున్నారు, నిలబడే తాగి పోతున్నారు. సంచులు మోసుకొచ్చిన ఒకామె అరుగు వైపు చూసింది, గేటు వైపు చూసింది, పోయి ఆ చివర కరెంటు స్తంభం దిమ్మె మీద కూర్చుంది. బోర్డు పెడదామా అని అడిగాను. "దయచేసి కూర్చోండి" అని రాయిస్తే?

అమ్మ గట్టిగానే కోప్పడింది. "మీ జేజి యాడుండేది? అరుగు మీద ఉండేది. చాటలో బియ్యం ఏరుకుంటా, చింతపండు పిక్కలు తీసుకుంటా ఆన్నే కూసుండేది. మనిషి లేని అరుగు చూస్తే ఎవరికైనా భయం గాదా, ఎవరన్నా లేపుతారేమో అని? నువ్వు మిద్దె మీద నుంచి చూస్తాంటే వాళ్లెట్ల కూసుంటారు?"

నాకు నోట మాట రాలేదు. నెల రోజులు ఇటుకలు, రాయి, మట్టం గురించే ఆలోచించాను. నేను అక్కడ కూర్చోవాలన్న సంగతి నాకు తట్టనే లేదు.

డిసెంబర్ 15, సోమవారం

బడి నుంచి వచ్చి, ముఖం కడుక్కుని, చాటలో రెండు కిలోల చెనిక్కాయలు (వేరుశనగ కాయలు) పోసుకుని అరుగు మీద కూర్చున్నాను. పావుగంట కూడా కాలేదు. ఇస్త్రీ బండి అన్న వచ్చి "ఏం మేడం, పండక్కా?" అంటూ ఇంకో కొన మీద కూర్చున్నాడు. పన్నెండేళ్లుగా మా బట్టలు ఇస్త్రీ చేస్తున్నాడు, ఆయన కూర్చోగా నేను చూడడం ఇదే మొదటిసారి. ఒక గుప్పెడు చెనిక్కాయలు తీసుకుని తనూ ఒలవడం మొదలుపెట్టాడు. తర్వాత వీధులూడ్చే అక్క. తర్వాత ఫోన్ చార్జింగ్ అయిపోయి అడ్రసు దొరకని ఒక డెలివరీ అబ్బాయి. ఆ అబ్బాయి కోసం మా ఆయన కిటికీలోంచి వైరు బయటికి లాగి ప్లగ్గు పెట్టాడు.

ఏడింటికి కాయలన్నీ ఒలవడం అయిపోయింది. ఒక్కదాన్నే అయితే రెండు రోజులు పట్టేది.

అద్భుతం: రెండు కిలోల చెనిక్కాయలు, నలుగురి చేతులు.

డిసెంబర్ 17, బుధవారం

నిన్నటి నుంచి ధనుర్మాసం. పొద్దున ఐదున్నరకు వాకిలి ఊడ్వబోతే నల్లబట్టల్లో ఇద్దరు అయ్యప్ప స్వాములు అరుగు మీద కూర్చుని ఉన్నారు, గుడికి పోయే దారిలో. టీ తెస్తానన్నాను. వాళ్లు ఇబ్బంది పడ్డారు, దీక్షలో ఉన్నవాళ్లు మా ఇంట్లో కాచింది తాగకూడదు. నేను కూడా తడబడ్డాను. అంతలో అమ్మ లోపలి నుంచి కడిగిన అరటిపండ్లు తెచ్చి "స్వామీ, వీటికి పొయ్యి తగల్లేదు" అంది. ఇద్దరూ నవ్వేసి తీసుకున్నారు. ఇప్పటి నుంచి గేటు లోపల ఒక హస్తం పండ్లు ఎప్పుడూ ఉంటాయి. అందరూ అన్నీ తినరు. వచ్చిన మనిషికి ఏది కుదురుతుందో అది పెట్టాలి, మనకు ఏది బాగా వండడం వచ్చో అది కాదు.

డిసెంబర్ 20, శనివారం

గుడిలో సెమీ క్రిస్మస్. నేను కేకు కోసే వేళకు అందుకోలేకపోయాను.

నాలుగింటికి బయలుదేరుతుంటే అరుగు మీద ఒక చిన్న వయసు తల్లి, ఒళ్లో మూడు నెలల బిడ్డ. రాయచోటి వైపు పల్లె. పెద్దాసుపత్రిలో మామకు ఆపరేషన్ అయింది, భర్త లోపలున్నాడు, బిడ్డను వార్డులో ఉంచుకోలేక పొద్దున్నుంచీ బయట తిరుగుతోంది. బిడ్డ ఏడుస్తోంది, పాలివ్వడానికి చోటు లేదు. లోపలికి రమ్మంటే "వద్దులేక్కా, ఈన్నే బాగుండాది" అంది. ఖాలా తన పాత దుప్పటి తెచ్చి, అరుగు రెండు కొనల నుంచీ నక్షత్రం కట్టిన కర్రకు అడ్డం కట్టింది. క్షణంలో గది అయింది.

ఆ దుప్పటి వెనక బిడ్డ ఏడుపు ఆగిపోయింది. మింగుతున్న చప్పుడు, మధ్యలో ముక్కుతో తీసుకునే చిన్న ఊపిరి. బయట స్కూటర్లు, ఆటోలు పోతూనే ఉన్నాయి. నేను పట్టుచీరలో, ఖాలా బురఖాలో, ఇద్దరం ఆ దుప్పటికి చెరో పక్క కాపలాగా నిలబడ్డాం. గుడిలో పాడబోయే పాటల కాగితం నా చేతిలో నలిగిపోయింది.

అద్భుతం: ఏం రాయాలో తెలియలేదు. పాలు తాగి పడుకుంది, అంతే.

డిసెంబర్ 22, సోమవారం

అరుగుకు ఎంతయిందని అడిగినవాళ్ల కోసం లెక్క: గేటు జరపడంతో కలిపి మొత్తం 12 వేల చిల్లర అయింది. విరిగిన బండ కూడా అందులోనే. గేటు జరపాల్సిన పని లేనివాళ్లకు ఇంకా తక్కువ పడుతుంది. చోటు లేనివాళ్లు రెండు పొట్టి స్తంభాల మీద నాలుగడుగుల బండ వేసుకున్నా ఇద్దరు కూర్చోవచ్చు.

డిసెంబర్ 25, గురువారం

రాత్రి ఆరాధన నుంచి వచ్చేసరికి రెండు. పడుకున్నది తక్కువే.

మధ్యాహ్నం చుట్టాలందరికీ లోపల భోజనం అనుకున్నాం, చివరికి అందరూ బయటే తిన్నారు. పలావు, నాటుకోడి కూర, సంగటి, ఓళిగలు. ఖాలా ఇంటి నుంచి సేమ్యా పాయసం. బేల్దారి అన్న భార్యాబిడ్డలతో వచ్చాడు, అరుగు మీద కూర్చోకుండా ముందు చెయ్యి వేసి అంచు తడిమి చూసుకున్నాడు. విరిగిన బండ పీట మీద ముగ్గురు పిల్లలు ఒకే ఇస్తరాకులో తిన్నారు. అరటిపండ్ల అన్న, ఇస్త్రీ అన్న వచ్చారు. ఎక్స్‌రే కవరు పెద్దాయన కోసం నెల రోజులుగా చూస్తున్నాను, ఆయన రాలేదు. ఆయన పేరు, ఊరు ఏమీ తెలియదు.

సాయంత్రం తుడుస్తుంటే నల్లబండ మీద రూపాయి బిళ్లంత తెల్లమచ్చ. ఎవరో పిండిన నిమ్మచెక్క పెట్టారు. ఇది సున్నపురాయి, పులుపు తగిలితే మెరుగు పోతుంది. నూరితే పోతుందన్నాడు బేల్దారి అన్న. అమ్మ ఒప్పుకోలేదు, "తిన్న గుర్తు, ఉండనీ" అంది.

డిసెంబర్ 28, ఆదివారం

గుడి నుంచి నేనూ అమ్మా నడిచి వస్తుంటే దూరం నుంచే కనబడింది. మా ఆయన అరుగు నడుమ కూర్చుని పేపరు చదువుతున్నాడు. తలకు తువ్వాలు కట్టుకున్న ఒకాయన, భుజం మీద గడ్డపారతో, ఆగి ఏదో అడిగాడు. మా ఆయన పేపరు మడిచి కొనకు జరిగాడు.

మేం చేరేసరికి ఇద్దరూ చెట్ల గురించి మాట్లాడుకుంటున్నారు. ఆయన తోటల పని చేసే మనిషి. ఈ బండ ఇప్పుడు చల్లగా ఉంది గానీ మార్చి వచ్చేసరికి పెనం అయిపోతుందన్నాడు. అది నేను ఆలోచించలేదు. ఏం చెట్టు వేస్తే బాగుంటుందని అడిగాను. కానుగ అన్నాడు, నీడ చిక్కగా ఉంటుంది, పెద్దగా నీళ్లు అడగదు. లేచి వెళ్లి గేటు పక్కన మడమతో నేల మీద ఒక గుండ్రటి గీత గీశాడు.

"ఈడ రెండడుగుల గుంత తీసిపెట్టన్నా. సంక్రాంతి పోయినాక మొక్క నేనే తెస్తా."

అమ్మ అప్పటికే కాగు మూత తీసి ఆయనకు నీళ్లు ముంచుతోంది.